బోల్టన్ మేడమీద సోల్ రాత్రి: పాత పాటల మధ్య మూడు కొత్త రికార్డులు

పోయిన శనివారం రాత్రి పదీ ఇరవైకి ఆ చెక్క నేల మీద డెబ్బై మంది దాకా ఆడుతున్నారు. డోబీ గ్రే 1966లో పాడిన ‘ఔట్ ఆన్ ద ఫ్లోర్’ అప్పుడే ముగిసింది. దాని వెనుకే డీజే ఎవరికీ తెలియని రికార్డు ఒకటి పెట్టాడు. గోడ పక్కన నిలబడి లెక్కపెట్టాను. పాట ఎత్తుకోగానే పన్నెండు మంది నేల దిగిపోయారు. ఓ ఇరవై మంది ఆట ఆపలేదు గాని, అడుగు చిన్నది చేసుకుని తల పక్కకు వంచి వింటున్నారు. మిగిలినవాళ్లు తాళం దొరికింది చాలన్నట్టు ఆడుతూనే ఉన్నారు. రెండో చరణం వచ్చేసరికి దిగిపోయినవాళ్లలో నలుగురు వెనక్కి వచ్చారు. ఆ నలుగురిని చూసిన సంతోషంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఉత్తర ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి బోల్టన్ పొలిమేరలో ఉన్న పాత కార్మికుల క్లబ్బు ఇది. కింద బీరు కౌంటరు, బిలియర్డ్స్ బల్లలు. మేడ మీద చిన్న వేదిక, దాని ముందు ఏళ్ల తరబడి అరిగి నునుపెక్కిన చెక్క నేల. ప్రతి నెలా రెండో శనివారం రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా అక్కడ సోల్ సంగీతం వేస్తారు. టికెట్టు 8 పౌండ్లు. క్లబ్బు పేరు ఇక్కడ రాయడం లేదు. హాలులో 140 మందికే చోటుంది, టికెట్లు పది రోజుల్లో అయిపోతాయి, పేరు బయటపెట్టవద్దని నడిపే దంపతులు కోరారు. ఈ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లెవరైనా నిజంగా వెళ్లాలనుకుంటే, వీధిలో అరవై దాటిన పొరుగువారిని అడగండి. ముగ్గురిని అడిగితే ఒకరికైనా తెలిసి ఉంటుంది.

నాకూ అలాగే తెలిసింది. నేను ఆసుపత్రిలో ఫార్మసిస్టును. రోగులను వార్డు నుంచి వార్డుకు చక్రాల కుర్చీలో తీసుకెళ్లే ఒక పెద్దాయన రాత్రి డ్యూటీలో ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవారు. ఒకే పాట, వారం రోజులు. ఏమిటది అని అడిగాను. జవాబు చెప్పడానికి ఆయనకు రెండు టీలు పట్టాయి. పదిహేడేళ్ల వయసులో ప్రతి శనివారం అర్ధరాత్రి ఇక్కడికి పది మైళ్ల దూరంలోని విగన్ ఊళ్లో డాన్సు హాలుకు వెళ్లి, తెల్లవారి ఎనిమిది దాకా ఆడి, అటునుంచి అటే ఆదివారం ఉదయం అమ్మతో కలిసి చర్చికి వెళ్లేవారట. 2016లో ఆయనే నన్ను మొదటిసారి ఈ మేడ ఎక్కించారు.

ఈ సంగీతం సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. లేకపోతే పాత పాటా కొత్త పాటా అన్న తగవు ఇక్కడ ఎందుకింత పెద్దదో అర్థం కాదు. 1960ల మధ్యలో అమెరికాలోని డెట్రాయిట్, షికాగో, ఫిలడెల్ఫియా వంటి నగరాల్లో నల్లజాతి గాయకులు వేలకొద్దీ సోల్ పాటలు రికార్డు చేశారు. కొన్ని పెద్ద విజయాలు సాధించాయి. ఎక్కువ భాగం వచ్చినట్టే ఎవరికీ తెలియకుండా పోయాయి. ఉత్తర ఇంగ్లండ్‌లో, బట్టల మిల్లులూ బొగ్గు గనులూ ఉన్న ఊళ్ల కుర్రవాళ్లకు ఆ పోయినవే కావాలి. వేగంగా ఉండాలి, గొంతులో గుండె కనిపించాలి. 1970 ప్రాంతంలో డేవ్ గోడిన్ అనే పత్రికా రచయిత దీనికి ‘నార్తర్న్ సోల్’ అని పేరు పెట్టాడు. లండన్‌లో ఆయనకు రికార్డుల దుకాణం ఉండేది. ఫుట్‌బాల్ ఆటల కోసం వచ్చే ఉత్తరాది కుర్రవాళ్లు అప్పటి కొత్త పాటలు వదిలేసి ఆ పాత వేగం పాటలే అడగడం చూసి పెట్టిన పేరది.

ఈ పాటలకు ఆడే హాళ్లు ఉత్తరాదిలో పేరుపడ్డాయి: మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, స్టోక్‌లో గోల్డెన్ టార్చ్, బ్లాక్‌పూల్ మెక్కా, అన్నిటికీ మించి విగన్ కసీనో. విగన్‌లో రాత్రంతా సాగే ఈ ఆట 1973 సెప్టెంబరు 23న మొదలై 1981 డిసెంబరు 6న ఆగింది. అక్కడ డీజేల మధ్య పోటీ అంతా ఎవరూ వినని పాట ముందుగా ఎవరు తెస్తారన్నదే. గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ అమెరికాలో రికార్డుకు రెండో వైపున పడి ఎవరి కంటా పడలేదు. 1973లో రికార్డుల వేటకు అమెరికా వెళ్లిన డీజే రిచర్డ్ సెర్లింగ్‌కు అది దొరికింది. ఆయన ఇక్కడ వేయగా వేయగా ఉత్తరాది అంతా పాడుకుంది. అదే పాటను 1981లో సాఫ్ట్ సెల్ బృందం తిరిగి పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఈ రోజు అది వినపడగానే అరవై ఐదేళ్లవాళ్లు కుర్చీలు వదిలి పరుగెత్తుకొస్తారు. అంటే పాత పాటల సభగా పేరుపడ్డ ఈ సంగీతంలో ప్రతి పాత పాటా ఒకప్పుడు ఎవరో ధైర్యం చేసి నేల మీదకు వదిలిన అనామక రికార్డే.

పాత, కొత్త అన్న ఈ చీలిక కూడా ఈనాటిది కాదు. విగన్ కసీనోలోనే మిస్టర్ ఎమ్స్ అని ఇంకో గది ఉండేది, అచ్చంగా పాత పాటలకు. అప్పటికి ఆ పాటల వయసు పదేళ్లు మించదు! బ్లాక్‌పూల్ మెక్కాలో ఇయాన్ లెవీన్, కాలిన్ కర్టిస్ అనే డీజేలు 1970ల నాటి తాజా రికార్డులు వేయడం మొదలుపెడితే కొందరు ‘లెవీన్ దిగిపోవాలి’ అని బ్యానరు పట్టుకు తిరిగారు. కసీనో మూతపడ్డాక స్టాఫర్డ్‌లోని టాప్ ఆఫ్ ద వరల్డ్ హాలులో డీజేలు మళ్లీ 1960ల నుంచే ఎవరూ వినని పాటలు తవ్వి తెచ్చి, వేగం తగ్గినవి కూడా ధైర్యంగా వేశారు. యాభై ఏళ్లుగా సాగుతున్న వాదన ఇది. ఏ సోల్ రాత్రికి వెళ్లినా అది గోడల్లోంచి వినిపిస్తూనే ఉంటుంది.

నేను రెండు చివరలూ చూశాను. సముద్రతీరంలో ఒక వారాంతపు సభకు వెళ్లాను. మూడు రోజులు, ముగ్గురు నలుగురు డీజేలు, కాని దాదాపు అవే నలభై పాటలు. శుక్రవారం రాత్రి కన్నీళ్లు వచ్చేంత ఆనందం. ఆదివారానికి అదే పాట నాలుగోసారి వింటుంటే, ఎంతో ప్రేమించిన మనిషిని ఎవరో అరగదీస్తున్నట్టు బాధ కలిగింది. మరోచోట, రికార్డులు సేకరించేవాళ్లు నడిపే చిన్న సభలో ఒక డీజే వరసగా తొమ్మిది తెలియని పాటలు వేశాడు. ఒక్కొక్కటీ విడిగా వింటే బంగారం. కాని నేల మీద ఎవరూ లేరు. పది మంది మగవాళ్లు వేదిక అంచున చేరి లేబుళ్లు చదువుతున్నారు. ఇద్దరు స్త్రీలు కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. నాట్యానికి పుట్టిన సంగీతాన్ని ప్రదర్శనశాలలో గాజుపెట్టె వెనుక పెట్టినట్టుంది. రెండూ అన్యాయమే అని నా అభిప్రాయం. రెండోది మరింత అన్యాయం. ఆ రికార్డులు మళ్లీ ఎవరి చెవినా పడకుండానే పెట్టెలోకి వెళ్లిపోతాయి.

ఇక ఈ మేడ మీద ఏం చేస్తారో చెబుతాను. ప్రధాన డీజే ఆ దంపతులలో భర్త. డెబ్బైకి దగ్గర. ఆయన గంటకు ఇరవై రెండు పాటలు వేస్తారు. పాట రెండున్నర నిమిషాలు, మధ్యలో నాలుగు మాటలు. పోయిన శనివారం ఆయన గంటను నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. పదిహేను అందరికీ తెలిసినవి. నాలుగు సగం మందికి తెలిసినవి. మూడు కొత్తవి, అంటే ఇక్కడివాళ్ల చెవికి కొత్తవి. ఆ మూడింటినీ సభ మొదట్లో జనం కోట్లు తగిలించుకుంటున్నప్పుడు వేసేసి చేతులు దులుపుకోలేదు. చాలాచోట్ల జరిగేది అదే. ఈయన మాత్రం నేల నిండిన తర్వాత, చెమట పట్టిన తర్వాత వేశారు.

ఒక్కో కొత్త పాటకు ముందు రెండు తెలిసినవి ఉంటాయి. ఆ రెండింటిలో రెండోది కొత్తదానికి బంధువై ఉంటుంది. గొంతు పోలిక కావచ్చు, డ్రమ్ము ఎత్తుగడ కావచ్చు, ఇత్తడి వాద్యాలు ఒకే తీరున లేవడం కావచ్చు. డోబీ గ్రే పాట ముగిసే వేగమూ ఆ రాత్రి కొత్త పాట మొదలయ్యే వేగమూ దాదాపు ఒకటే. పాదం ఆగలేదు కాబట్టి చెవి కూడా తలుపు మూయలేదు. ఇంకొకటి గమనించాను. కొత్త పాట వేసే ముందు ఆయన మైకులో ఏమీ అనరు. ‘ఇప్పుడొక అరుదైన పాట’ అని ముందే చెబితే సగం మంది దాహమేసిందని కిందికి వెళ్లిపోతారట. పాట అయిపోయాకే గాయకుడి పేరు, కంపెనీ, ఊరు చెబుతారు. ఆ వెంటనే అందరికీ ప్రాణమైన పాట ఒకటి. పోయిన శనివారం అది ఆల్ విల్సన్ పాడిన ‘ద స్నేక్’. దిగిపోయినవాళ్లూ కిందికి వెళ్లినవాళ్లూ మెట్లెక్కి వచ్చేశారు. ఎవరూ అలిగి ఇంటికి పోలేదు.

నేను వేరే ఎక్కడా చూడనిది ఇంకొకటుంది. ఈ మూడు కొత్త పాటల్లో ఒక్కోదాన్ని వరసగా మూడు నెలలు వేస్తారు. ప్రతి నెలా ఒకటి విరమించి, ఒకటి కొత్తగా చేరుతుంది. ఎందుకని విరామంలో ఆయననే అడిగాను. ఆయన చెప్పినది నాకు ఈ సంగీతం గురించి ఇన్నేళ్లలో తెలిసిన అన్నిటికన్నా విలువైన మాట. విగన్‌లో మేం ప్రతి శనివారం వెళ్లేవాళ్లం, కొత్త పాట నెలలో నాలుగుసార్లు చెవిన పడేది, రెండు నెలల్లో అది మా సొంతమయ్యేది అన్నారు. ఇప్పుడు సభలన్నీ నెలకు ఒకటి. ఒక డీజే కొత్త రికార్డు తెచ్చి ఒక్కసారి వేసి, మరుసటి నెల ఇంకొకటి తెస్తాడు. పాపం ఆ మొదటిది ఎప్పటికీ ఎవరికీ గుర్తుండదు. అందుకే పాత పాటల జాబితా కసీనో మూతపడిన నాడు ఎంతుందో దాదాపు అంతే ఉండిపోయింది అని ఆయన బాధ.

జనానికి కొత్త పాటలంటే ఇష్టం లేదని అందరూ అంటారు. వాళ్లకు రెండోసారి వినే అవకాశం ఎవరూ ఇవ్వలేదన్నది అసలు కారణమని ఆ రాత్రి నాకు అర్థమైంది. అక్కడి జనవరి పాట ఒకటి నాకు గుర్తుంది, మొదటి నెల ఏడెనిమిది మంది ఆడారు. మార్చిలో దాని మొదటి పియానో స్వరానికే నేల నిండింది. పాట పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఫోనులో వెతికి, అర నిమిషం విని, పక్కకు తోసేస్తారు. చెక్క నేల మీద పాదాలతో వినవలసిన పాట అది.

టీ కౌంటరు పక్కన నల్లబల్ల ఒకటుంటుంది. ఆ నెల మూడు పాటల పేర్లూ, పాడినవారూ, రికార్డు కంపెనీలూ సుద్దముక్కతో రాసి ఉంటాయి, భార్య చేతిరాతతో. చిన్న సంగతే అనిపిస్తుంది గాని, ఈ సంగీతం చరిత్ర తెలిస్తే అది ఎంత ఉదారమైన పనో తెలుస్తుంది. 1970లలో డీజేలు పోటీదారులకు తెలియకుండా లేబులు మీద కాగితం అంటించి, గాయకుడికి దొంగపేరు పెట్టి వేసేవారు. ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డూ ఐ లవ్ యూ’ కూడా మొదట్లో ఎడీ ఫాస్టర్ అనే పేరుతో వినిపించింది. 1965లో ముద్రించిన ఆ రికార్డు ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలిన బహుకొద్ది ప్రతుల్లో ఒకటి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది. కొన్ని సభల్లో తొలి ముద్రణ రికార్డు తప్ప మరేదీ వేయనివ్వరు. ఇక్కడ ఆ పట్టింపు లేదు, తర్వాతి ముద్రణలు కూడా వేస్తారు. దీన్ని తప్పుపట్టేవాళ్లు హాలులోనే ఉన్నారు, నేను మాత్రం ఆ దంపతుల పక్షమే. లేకపోతే పాటలు డబ్బున్నవాళ్ల బీరువాల్లో మిగులుతాయి.

ఆ నల్లబల్ల ముందు నిలబడితే నాకు మా నాన్నగారు గుర్తొస్తారు. ఆయన రాజమండ్రిలో ఒక పాటల ఆర్కెస్ట్రాలో తబలా వాయించేవారు. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు. రాత్రి పదకొండు దాటితే జనం నుంచి చీటీలు వచ్చేవి, అన్నీ ఘంటసాల పాటలే. వాళ్ల గాయకుడు ప్రతి కచేరీలో ఎవరూ అడగని పాట ఒకటి నడుమ కలిపేవాడు, ఏ సినిమాలోదో చాలామందికి తెలియనిది. మరుసటి రోజు ఎవరో ఒకరు నాన్నగారిని బజారులో ఆపి ‘రాత్రి ఒక పాట పాడారే, అది ఏ సినిమాలోదండీ’ అని అడిగేవారు. నాన్నగారు ఆ రోజంతా ఉత్సాహంగా ఉండేవారు. బోల్టన్‌లో ఆ బల్ల దగ్గర చెమట తుడుచుకుంటూ ‘ఇప్పుడు వేసింది ఇందులో ఏదండీ’ అని నన్ను అడిగిన పెద్దావిడ గొంతులో అదే ఆత్రం.

పోయిన నెల మా అమ్మాయి వచ్చింది. పంతొమ్మిదేళ్లు, లీడ్స్‌లో చదువుతోంది. ‘అమ్మా, రెండోదిగా వేసిన ఆ పాట భలే ఉంది, ఎక్కడ దొరికింది వీళ్లకు’ అంది. అది ‘టెయింటెడ్ లవ్’. సాఫ్ట్ సెల్ పాడినది తెలుసు గాని గ్లోరియా జోన్స్ గొంతు తను అంతకుముందు వినలేదు. తనకు అదే ఆ రాత్రి పెద్ద ఆవిష్కారం. నాకు 2016లో ఇక్కడి పాటలన్నీ అలాగే కొత్తవి. అప్పట్లో పాత పాటలే వేయడం మీద విసుక్కునేవారిని చూసి నాకు ఆశ్చర్యంగా ఉండేది. అందుకే ఆ పదిహేను పాటలను ఎవరైనా ఎనిమిదికి తగ్గించమంటే నేను ఒప్పుకోను. గుమ్మంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. యాభై ఏళ్లుగా ఒకే పాటకు ఒకే మూలన ఒకే స్నేహితురాలితో ఆడుతున్నవాళ్లూ ఉన్నారు. ఈ మధ్య ఆ స్నేహితురాలు లేకపోయినా ఆ మూలకే వెళ్లి ఆడే ఒకావిడను నేను చూస్తున్నాను. ఆవిడ పాటను ఎవరూ తీసేయకూడదు.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయతీగా ఉండదు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా బయటి నుంచి వచ్చే అతిథి డీజేకు ఇస్తారు. పోయిన రెండు నెలలూ ఆ గంటలో ఒక్క తెలియని పాట కూడా లేదు. అంతకుముందు నాలుగు గంటలు జనాన్ని ఓపికగా సిద్ధం చేసి, తీరా వాళ్లు దేనికైనా సిద్ధమైన వేళకు భద్రమైన పాటలే వేస్తే ఎలా? రాత్రి చివరి గంటలో మనసు మెత్తబడుతుంది, నెమ్మదైన పాటలకు అదే సమయం. విగన్‌లో ఉదయం ఎనిమిది గంటలకు ముందు వేసే చివరి మూడు పాటల్లో జిమ్మీ రాడ్‌క్లిఫ్ పాట ఉండేది కదా, అందులో ఎంత దిగులుందో! నడిపేవాళ్లు అతిథికి కూడా మూడు కొత్త పాటల నియమం పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఆ మాట ఆ దంపతులలో భార్యతో చెప్పాను కూడా, ఆలోచిస్తామన్నారు.

శబ్దంలో మంద్రం ఎక్కువ. వేదికకు ఎడమ వైపు నిలబడితే గాయకుడి మాటలు మునిగిపోతాయి. తెలిసిన పాటకు ఫరవాలేదు, కొత్త పాటకు ఇది ద్రోహం, ఎందుకంటే మాటలు వినపడితేనే మనసు పట్టుకుంటుంది. కుడి వైపు నిలబడండి. లిఫ్టు లేదు, ఇరవై ఆరు మెట్లు. నన్ను ఇక్కడికి తెచ్చిన పెద్దాయన మోకాలి ఆపరేషన్ తర్వాత నాలుగు నెలలు రాలేకపోయారు. తినడానికి చిప్సు ప్యాకెట్లు, మాంసం పైలు తప్ప ఏమీ ఉండవు, శాకాహారులు ఇంట్లో తిని బయలుదేరడం మంచిది. టీ మాత్రం బాగుంటుంది, 1 పౌండు.

తోలు అడుగున్న, మడమ లేని బూట్లు వేసుకోండి. రబ్బరు అడుగు చెక్కను పట్టేసి మోకాలు తిప్పుతుంది. నేల జారడానికి టాల్కం పౌడరు చల్లడం ఈ ఆటకు పాత ఆచారం, ఇక్కడ మాత్రం నిషేధం. ఎనిమిదిన్నర లోపల వెళితే కుర్చీ దొరుకుతుంది. ఒంటరిగా వెళ్లడానికి సంకోచించవద్దు. ఈ ఆటకు జోడీ అక్కరలేదు, ఎవరి చోటులో వాళ్లు ఆడతారు, చీర కట్టుకుని వెళ్లిన నాడు కూడా నన్ను ఎవరూ వింతగా చూడలేదు.

ఆ పదీ ఇరవై పాట పేరు నల్లబల్ల మీద మూడో వరుసలో ఉంది. టికెట్టు వెనుక రాసుకున్నాను. డెట్రాయిట్ రికార్డు, పాడినది ఒక స్త్రీ, రెండో చరణం మొదట్లో అందరూ ఆగిపోయి ఆవిడ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. వెనక్కి వచ్చిన ఆ నలుగురూ అక్కడే వచ్చారు. ఇది దానికి మొదటి నెల. వచ్చే రెండో శనివారం నాకు రాత్రి డ్యూటీ పడింది, ఇంకొకరితో మార్చుకున్నాను.